ఇంకో బండి ఖాళీ బరువు

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. నిద్రలో నా ఊపిరి గంటకి ముప్ఫై ఎనిమిది సార్లు ఆగుతోందని ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి చెప్పారు. రోజుకి ఆరు గంటల నిద్ర వేసుకుంటే 228. ఏడాదికి 83,220. గురక మొదలై ఆరేళ్ళని మా ఆవిడ లెక్క. వినేది ఆవిడ కాబట్టి ఈ విషయంలో ఆవిడ లెక్కే నమ్మాలి. ఆరేళ్ళకి దాదాపు అయిదు లక్షల సార్లు ఊపిరి ఆగి మళ్ళీ మొదలైంది, ఒక్కసారి కూడా నాకు తెలియలేదు. ఇది కాక, కాటా గదిలో కిటికీ పక్కన పందొమ్మిదేళ్ళు కూర్చున్న కుర్చీ పోయింది. పది కిలోల తేడా కూడా రానివ్వడన్న పేరు పోయింది. ఆఖరిది ఆరు వందల నలభై కిలోల ఇనుము. అది నాది కాదు.

బొల్లారం రోడ్డులో ఒక ఇనుము యార్డులో లారీలు తూచే కాటా మీద పనిచేసేవాణ్ణి. శ్రీకాకుళం వైపు నుంచి పదో తరగతి పాసై వచ్చాను. లెక్క నేర్చుకున్నది ఆ కాటా మీదే. పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ఖాళీ లారీ కాటా ఎక్కుతుంది, బరువు రాస్తాం. యార్డులోకి వెళ్ళి ఇనుము ఎక్కించుకుని వస్తుంది, మళ్ళీ తూచి రాస్తాం. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే సరుకు బరువు. కార్బన్ పెట్టి మూడు కాపీల స్లిప్పు, కింద నా సంతకం. పొరపాటు జరిగితే అదే పుస్తకంలోంచి సవరణ స్లిప్పు రాసి కోయాలి, దాని మీదా కాటా కుర్చీలో ఉన్నవాడి సంతకమే ఉండాలి. ఇంకెవరి సంతకమూ చెల్లదు, యజమానిది కూడా.

ఆ రోజుల్లో ఊరు ఊరంతా కడుతున్నారు. మాదాపూర్ వైపు అద్దాల మేడలు, ఆ మేడల్లో పనిచేసేవాళ్ళకి అల్వాల్ దాకా అపార్ట్‌మెంట్లు. రోజుకి యాభై లారీలు. ఏ లారీకి ఆ లారీ ఖాళీ బరువు వేరు. ఒకే కంపెనీ, ఒకే మోడలు అయినా వేరు. ఈ ఒక్క ముక్క అర్థం కానివాణ్ణి కాటా దగ్గరికి రానివ్వకూడదని నేను అందరికీ చెప్పేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక కుర్చీలోనే కునుకు పట్టింది. ఎంతసేపో తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఇనుము ఎక్కించిన లారీ కాటా మీద నిలబడి హారన్ కొడుతోంది. 16,480 అని చూశాను. ఖాళీ బరువు 7,220 తీసేశాను, 9,260 రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను. సాయంత్రం యార్డులో రాడ్ల లెక్కతో స్లిప్పులు సరిచూడటం నా అలవాటు. అప్పుడు బయటపడింది. ఆ లారీ ఖాళీ బరువు 7,860. 7,220 దాని వెనకాల నిలబడ్డ ఇంకో బండిది. ఎక్కిన ఇనుము 8,620 కిలోలే. అల్వాల్‌లో చిన్న అపార్ట్‌మెంటు కడుతున్న ఒక మేస్త్రీ, తనకి అందని ఆరు వందల నలభై కిలోలకి కూడా డబ్బు కట్టి వెళ్ళాడు.

నేనే వెళ్ళి యజమానికి చెప్పాను. సవరణ స్లిప్పు కోస్తాను, మేస్త్రీకి కబురు పంపండి అన్నాను. ఆయన టీ తాగడం ఆపలేదు.

"గాయన అడిగిండా?"

"అడగలేదు."

"అడగనప్పుడు మనకేంది పరేషాన్? నువ్వు ఫస్టు నీ నిద్ర సంగతి చూస్కో."

మర్నాడు నన్ను గేటు దగ్గర బల్ల మీద కూర్చోబెట్టి లారీ నంబర్లు రాయమన్నాడు. కాటా కుర్చీలో వాళ్ళ బావమరిది. నిద్ర జబ్బు తగ్గిందని డాక్టరు కాగితం తెస్తే కుర్చీ నీదే అన్నాడు. చెప్పి తప్పు ఒప్పుకున్నవాడికి శిక్ష, తప్పుని దాచుకున్నవాడికి లాభం. వ్యాపారమంటే ఆయనకి తెలిసినంతా అదే. అయినా కుర్చీ దొరికితే చాలు, మొదటి పని ఆ సవరణ స్లిప్పు కోసి స్వయంగా పట్టుకెళ్ళి మేస్త్రీ చేతిలో పెడతానని మా ఆవిడకి చెప్పాను. స్లిప్పు లేకుండా నోటితో చెబితే యజమాని కాదంటాడు, నా పనీ పోతుంది. అంత ధైర్యం లేదని కూడా ఇక్కడే రాసేస్తున్నాను.

ఆసుపత్రివాళ్ళు స్లీప్ ఆప్నియా అని పేరు పెట్టి, రాత్రిపూట ముక్కులోకి గాలి ఊదే యంత్రం వాడాలన్నారు. డాక్టరుగారి షరతు ఒకటే. నెల రోజులు వాడి యంత్రం చూపించే అంకెలు రాసుకురావాలి. ఊపిరి ఆగడం సగటున గంటకి అయిదు లోపుకి వస్తే కాగితం రాసిస్తారు.

యంత్రం బిగించడానికి అమ్మినవాళ్ళ మనిషి టై కట్టుకుని వచ్చాడు. నాలుగు నిమిషాల్లో ఏవో నొక్కి, అయిపోయింది సార్ అన్నాడు. చిన్న అద్దంలో 11 కనిపిస్తోంది. పదకొండు అంటే ఏమిటని అడిగాను.

"ప్రెషర్ సార్."

"పదకొండు ఏమిటి? కిలోలా, గ్రాములా?"

"పదకొండు ప్రెషర్ సార్. డాక్టర్ సాబ్ గదే రాసిండు."

కొలత పేరు చెప్పకుండా అంకె చెప్పేవాణ్ణి నా కాటా దగ్గర గంటసేపు ఉంచుకోను. ఇతను ఇంటింటికీ తిరిగి మనుషుల ఊపిరి సరిచేస్తున్నాడు. నేను యంత్రంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం, నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు సాయంత్రాలు కూర్చుంటే తేలిందేమిటంటే, ఆ గాలి గొట్టంలో నీళ్ళని పదకొండు సెంటీమీటర్లు పైకి నెట్టగలదు. మా ఇంట్లో స్టీలు గ్లాసు ఎత్తు. గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంచడానికి నాకు గ్లాసెడు ఎత్తు నీటి బలం కావాలి. ఒక్క వాక్యం. అది చెప్పడానికి టై అక్కర్లేదు.

పొద్దున్నే యంత్రం మూడు అంకెలు చూపించేది. రాత్రి ఎన్ని గంటలు వాడాను, గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, ముక్కు తొడుగు అంచుల్లోంచి ఎంత గాలి కారింది. నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసి ముప్ఫై రోజులు రాశాను. కొన్ని రాత్రులు ఆ తొడుగు పెట్టుకుని నిద్రపట్టక గంటన్నర పొర్లి తీసేసేవాణ్ణి. కొన్ని రాత్రులు అలిసిపోయి ఆరు గంటలూ పడుకునేవాణ్ణి.

నెల ఆఖరి ఆదివారం మా తోడల్లుడు వచ్చాడు. మా ఆవిడ చెల్లెలి భర్త. విశాఖపట్నం మనిషి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎందరికో పైవాడు, కూర్చున్న చోటల్లా ల్యాప్‌టాప్ తెరుస్తాడు. నా నోటుపుస్తకం చూసి నవ్వి, ఈ రోజుల్లో కూడా గళ్ళు గీస్తున్నారా అని, అంకెలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. కాఫీ చల్లారకముందే లేచాడు.

"అన్నయ్యా, మీ యావరేజ్ నాలుగు పాయింట్ ఏడు. పాసైపోయారు."

ఎలా తీశావని అడిగితే ఎక్సెల్ తీసిందన్నాడు. నా పుస్తకం తీసుకుని చూపించాను. గంటన్నర వాడిన రాత్రులు పదహారు, వాటిల్లో గంటకి ఒకటి చొప్పున. ఆరు గంటలు వాడిన రాత్రులు పద్నాలుగు, వాటిల్లో గంటకి తొమ్మిది. అతను ముప్ఫై రాత్రులనీ సమానంగా కూడి ముప్ఫైతో భాగించాడు. గంటన్నర రాత్రి నేను నిద్రే పోలేదు, మేలుకున్నవాడి ఊపిరి ఎందుకు ఆగుతుంది? పదహారు రాత్రులూ కలిపి ఇరవై నాలుగు గంటలు, ఇరవై నాలుగు సార్లు. పద్నాలుగు రాత్రులకి ఎనభై నాలుగు గంటలు, ఏడు వందల యాభై ఆరు సార్లు. మొత్తం 780ని 108 గంటలతో భాగించాలి. ఏడు పాయింట్ రెండు.

టన్నున్నర లారీనీ ఆరు టన్నుల లారీనీ ఒకే గాట కట్టి సగటు తీస్తావా అని అడిగాను.

"అది లారీ అన్నయ్యా, ఇది డేటా."

ఇంత పెద్ద ఊరు, ఇన్ని అద్దాల మేడలు, ఇలాంటి సగటుల మీద లేస్తున్నాయన్నమాట అనుకున్నాను. అతను మాత్రం ఆ సాయంత్రమే తన కాగితం రంగుల్లో అచ్చువేయించి పంపాడు. పచ్చరంగులో 4.7.

సోమవారం రెండూ పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రంగుల కాగితం చూశారు, పెన్ను మూత తీశారు. కాగితం మీద పెన్ను ఆనేలోపు నేను నోటుపుస్తకం దాని మీద పెట్టాను. ఆయన రెండు నిమిషాలు చూశారు. ఇది ఎవరు చేశారని అడిగారు. నేనే అన్నాను. ఏం చదివారన్నారు. కాటా దగ్గర పని అన్నాను. ఆయన పెన్నుకి మూత పెట్టి, ఇది కరెక్టు, వచ్చే నెల రండి అన్నారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అన్నం వడ్డించింది. మజ్జిగ దగ్గరికి వచ్చాక అంది.

"ఏటండీ, ఆ మేస్త్రీ స్లిప్పు కోసమే కదా కుర్చీ కావాలన్నారు. పెన్ను తీసినాయన చేత మీరే మూత పెట్టించారు. ఏ అంకె ముఖ్యమో చూసుకోవద్దా?"

తప్పుడు సగటుతో కుర్చీ ఎక్కి ఒప్పు స్లిప్పు కోయమంటావా అన్నాను. చాలా గొప్పగా అన్నాననుకున్నాను. ఆవిడ కంచం తీసేసింది.

తొమ్మిది ఎందుకు వస్తోందో తేల్చాలి. పదకొండు నిజంగా పదకొండేనా అని అనుమానం. మందుల షాపు నుంచి సెలైను పైపు ముక్క తెచ్చి, చెక్క మీద ఇంగ్లీషు యు అక్షరంలా వంచి మేకులు కొట్టి, పక్కన స్కేలు అంటించి, పసుపు నీళ్ళు పోశాను. ముక్కు తొడుగుకి పక్కన చిన్న రంధ్రం, దానికి మూత ఉంటుంది. ఆ మూత తీసి పైపు తగిలించాను. ఆదివారం పట్టపగలు, హాల్లో కుర్చీలో తొడుగు పెట్టుకుని నిటారుగా కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకున్నాను. పక్కింటావిడ తలుపు దాకా వచ్చి చూసి, తర్వాత వస్తానని వెళ్ళిపోయింది.

యంత్రం మొదలుకాగానే రెండు మట్టాల మధ్య తేడా నాలుగు సెంటీమీటర్లే ఉంది. పావుగంటకి ఆరు దాటింది. అర్ధగంటకి తొమ్మిది కూడా రాలేదు. సరిగ్గా నలభై అయిదు నిమిషాలకి పదకొండు అయింది. నిద్రపట్టేదాకా మెల్లగా పెంచుకుంటూ పోవడానికి అలాంటి ఏర్పాటు ఉంటుందని పుస్తకంలో చదివాను కానీ, మొదట్లో ఒకసారే కదా అని వదిలేశాను. సరే యంత్రం నిజాయితీగలదే అని లేవబోతుంటే కరెంటు పోయింది. పసుపు నీళ్ళు సమానంగా వచ్చేశాయి. పది నిమిషాల తర్వాత కరెంటు వచ్చింది, రాత్రుళ్ళు చేసే అలవాటుతో బటన్ నొక్కాను. నీళ్ళు నాలుగు దగ్గర నిలబడ్డాయి. మళ్ళీ మొదటినుంచి నలభై అయిదు నిమిషాలు.

ఆ ఎండాకాలం మేముండే అల్వాల్‌లో రాత్రికి రెండుసార్లు కరెంటు పోయేది. పడుకున్నప్పుడు ఒకసారి, కరెంటు వచ్చినప్పుడల్లా ఒకసారి. మూడు నలభై అయిదులు నూట ముప్ఫై అయిదు నిమిషాలు. ఆరు గంటల్లో రెండుంబావు గంటలు నాకు కావలసిన బలం లేకుండా పడుకుంటున్నాను. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. దానికి ఫ్యానూ లైటూ తగిలించి ఉంటే, ప్రాణం నిలబెట్టే యంత్రాన్ని మాత్రం గోడ ప్లగ్గుకి పెట్టినవాడు టై కట్టుకున్నవాడు. పెట్టనిచ్చినవాణ్ణి నేను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ వెధవో ఆ లెక్క వేయలేదు.

డాక్టరుగారికి ఫోను చేసి అడిగి, ఆ నలభై అయిదుని అయిదుకి తగ్గించాను. పదకొండు జోలికి పోలేదు, అది ఆయన అంకె. యంత్రాన్ని ఇన్వర్టర్ మీద పెట్టాను.

ఇక మిగిలింది మూడో గడి, గాలి కారడం. ఎంత గట్టిగా బిగించుకున్నా ఆ అంకె దిగేది కాదు. ముక్కు తొడుగుకి ముందువైపు సన్నటి బెజ్జాలుంటాయి, మనం వదిలిన గాలి బయటికి పోవడానికి. ఆ గాలి ఎలాగూ పోవాలి కాబట్టి యంత్రం దాన్ని తీసేసి మిగతాది చూపిస్తుందని పుస్తకంలో ఉంది. అంటే ఖాళీ లారీ బరువు తీసేయడమే. ఏ రకం తొడుగో యంత్రంలో ముందే చెప్పాలట, ఒక్కో రకానికి బెజ్జాల లెక్క వేరు. నాది ముక్కంతా కప్పేది. తెరిచి చూస్తే, ముక్కు రంధ్రాల్లో పెట్టుకునే చిన్న రకం అని ఉంది.

టై మనిషిని పిలిపించాను. ఇది చూపిస్తే అతను ఒక బటన్ నొక్కి మార్చేసి నవ్వాడు.

"ఏం కాదు సార్. జెర తేడా వస్తది, అంతే."

నాకు ఒళ్ళు మండింది. ఇంకో బండి ఖాళీ బరువు తీసేసి జెర తేడా అంటావా, ఏ బండికి ఆ బండి వేరని తెలియనివాడివి ఈ పనికెందుకొచ్చావని అనడానికి నోరు తెరిచాను. మొదటి నాలుగు మాటలు వచ్చాయి, తర్వాతవి రాలేదు. అతను నా వైపు చూస్తూ నిలబడ్డాడు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. చివరికి నేనే మంచినీళ్ళు తాగుతావా అని అడిగాను. అతను తాగి వెళ్ళాడు. అతను చేసిన తప్పు వల్ల ఎవరికీ ఒక్క రాడ్డు కూడా తగ్గలేదు.

రెండో నెల గంటకి రెండు పాయింట్ తొమ్మిది, గంటల లెక్కన సరిగ్గా తీసిన సగటు. ముప్ఫై రాత్రుల్లో మొత్తం 165 గంటలు. డాక్టరుగారు ఈసారి పుస్తకం తెరవకుండానే సంతకం పెట్టారు. మొదటి నెల చూడకుండా పెట్టబోయిన సంతకం, ఈ నెల చూడకుండా పెట్టిన సంతకం, నాకు రెండూ ఒక్కలాగే అనిపించాయి.

కాగితం పట్టుకుని యార్డుకి వెళ్ళాను. యజమాని మాట తప్పలేదు. కుర్చీ నీదే అన్నాడు. గదిలోకి వెళ్తే కుర్చీ ఉంది, బల్ల మీద కార్బన్ పుస్తకం లేదు. కంప్యూటర్ ఉంది. పన్నెండు రోజుల క్రితం పెట్టించారట. లారీ ఎక్కగానే బరువు అదే తీసుకుంటుంది, ఇదివరకు తూచిన బండి అయితే ఖాళీ బరువు కూడా తానే గుర్తుపెట్టుకుని తీసేస్తుంది. ఇంక ఎవడు నిద్రపోయినా ఫర్వాలేదని యజమాని సంబరపడ్డాడు. డీజిల్ సగం ఉన్నప్పుడు తూచిన ఖాళీ బరువుని డీజిల్ నిండా ఉన్న రోజు కూడా అదే తీసేస్తుందని నేను చెప్పలేదు.

పాత స్లిప్పుకి సవరణ ఎలా అని అడిగాను.

"కంప్యూటర్ రాకముందుది గిందులకు ఎక్కది. గా బుక్కులు పాత పేపరోనికి అమ్మేసినం."

ఆ పుస్తకాలు తూచింది ఈ కాటా మీదేనట. వాటి తూకం మాత్రం సరిగ్గానే వేశామని బావమరిది చెప్పాడు.

పన్నెండు రోజులు. నాలుగు పాయింట్ ఏడుకి తలూపి ఉంటే నెల ముందే ఆ కుర్చీలో ఉండేవాణ్ణి. పుస్తకం ఉండేది, కార్బన్ ఉండేది, నా సంతకం చెల్లేది. గంటకి రెండున్నర ఊపిర్ల తేడా దగ్గర నేను నిజాయితీ చూపించాను, అది ఎవరికీ అక్కర్లేదు. మా ఆవిడ అనాల్సింది మజ్జిగ దగ్గరే అనేసింది.

పని పోతే పోయిందనే తెగింపు అప్పటికి వచ్చింది. తెల్ల కాగితం మీద మొత్తం రాసి, సంతకం పెట్టి, అల్వాల్‌లో ఆ అపార్ట్‌మెంటుకి వెళ్ళాను. రంగులు వేయడం కూడా అయిపోయింది. బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి, కింద ఆఫీసు క్యాబు ఎవరికోసమో ఆగి ఉంది. మేస్త్రీ పని ముగించుకుని వేరే ఊరు వెళ్ళాడన్నాడు వాచ్‌మన్. ఏ ఊరో తెలియదు. తగ్గిన ఇనుము మళ్ళీ కొని వేశాడో, ఉన్నదానితోనే స్లాబు పోశాడో, అదీ తెలియదు. బస్సులో ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆ స్తంభాలు చూస్తాను. చూసి తెలిసేది కాదని తెలుసు.

యంత్రం ఇప్పటికి మూడోది. ఇది పొద్దున్నే ఒక నవ్వు ముఖం బొమ్మ చూపిస్తుంది, అంకెలు కావాలంటే లోపలికి వెళ్ళి వెతుక్కోవాలి. నేను వెళ్ళి వెతుక్కుని పుస్తకంలో రాస్తాను. నిన్న రాత్రి ఆరు గంటల ఇరవై నిమిషాలు, గంటకి రెండు పాయింట్ ఒకటి, గాలి కారడం దాదాపు లేదు. పుస్తకం మారినప్పుడల్లా ఆఖరి పేజీలో ఒక లెక్క కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తాను. 16,480లోంచి 7,860 పోతే 8,620. స్లిప్పులో ఇచ్చింది 9,260. మేస్త్రీకి రావలసింది 640 కిలోలు.